నేలగాలి గదిలో ఇరవై నిమిషాలు

అతుకు 1408. ఉత్తరపు సంచి, నాలుగో కుట్టు కింద. జానెడు చీలిక. రెండు పొరల గుడ్డ, జిగురు, ఆరడానికి గంటన్నర.

ఈ పుస్తకంలో ఇంతవరకే రాయాలట. నిన్న ఊరి సమితి నుంచి మళ్లీ కాగితం వచ్చింది: "అతుకుల పుస్తకంలో చోటు, కొలత, వాడిన సరుకు తప్ప సొంత అభిప్రాయాలు రాయరాదు." మా ఊరు దూదిపేటని గాల్లో నిలబెట్టే సంచులకి పంతొమ్మిదేళ్లుగా అతుకులు వేస్తున్నదాన్ని నేను. ఈ చేతుల పుణ్యాన ఆరువందల మంది మబ్బుల మీద కాళ్లు చాపుకుని పడుకుంటున్నారు. ఆ మాత్రం అభిప్రాయం నాకు ఉండకూడదా? ఉంటుంది. ఇదే పుస్తకంలో ఉంటుంది. చదివేవాళ్లు చదవండి, ఓపిక లేనివాళ్లు కొలతలు చూసుకుని పొండి.

ఇవాళ్టి అభిప్రాయం ఏమిటంటే, ఈ ఊళ్లో కోపం చెల్లదు. ఎలా చెల్లుతుంది? ఊరు తేలాలంటే ఇళ్లలో గాలి కూడా తేలిగ్గా ఉండాలని సగానికి సగం హీలియం కలిపి వదులుతారు. అది పీల్చి నోరు తెరిస్తే ఆరడుగుల మనిషి కూడా ఉడతలా కీచుమంటాడు. పొద్దున సరుకుల కొట్టు దగ్గర బరువు తగ్గాలని పప్పు వాటాలో పెట్టిన కోత గురించి "ఇది అన్యాయం, ఇది మనుషుల్ని తూకం రాళ్లుగా చూడటం" అని గుక్క తిప్పుకోకుండా దులిపేశాను. వరసలో ఉన్నవాళ్లు గోడ పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ, పొట్ట పట్టుకుంటూ, ఇంకా అన్యాయం అన్యాయం అంటూనే ఉన్నాను. మనిషి నోరు ఇంత హాయిగా నొక్కే పద్ధతి లోకంలో ఇంకోటి ఉండదు.

అతుకు 1410. పడమటి సంచి, అడుగు అంచు. మూడు వేళ్ల కన్నం. ఒక పొర చాలింది.

గెలిచాను. మూడేళ్లు, నలభై ఒక్క వినతిపత్రాలు, చివరికి నాకు నేలగాలి గది ఇచ్చారు. ఇంకో తొమ్మిది రోజుల్లో, పొద్దున పదకొండింటికి, ఇరవై నిమిషాలు. సమితి ఆరుగురూ కూర్చుని వింటారు.

ఊరికి తూర్పు కొసన ఉందా గది. ఊరు మొత్తానికి హీలియం కలవని గాలి ఉండేది అక్కడొక్కచోటే. అక్కడ ఎవరి గొంతు వాళ్లది. అందుకే పెళ్లి ప్రమాణాలు అక్కడే, సమితి తీర్మానాలు అక్కడే, పోయినవాళ్ల గురించి నాలుగు ముక్కలు చెప్పుకునేదీ అక్కడే. ఆ గాలి బరువెక్కువ. గది నింపినప్పుడల్లా ఊరు తూర్పుకి ఒరిగి రెండు మూరలు కిందికి దిగుతుంది. వంటశాలలో గ్లాసులు బల్లల మీద జారతాయి. జనం అలవాటుగా ఒక చేత్తో గ్లాసు పట్టుకుని "ఎవరికో పెళ్లి" అనో "ఎవరో పోయారు పాపం" అనో అనుకుని మళ్లీ కబుర్లలో పడతారు. ఇరవై ఏడో ఏట కింద నేల వదిలి ఇక్కడికొచ్చాక నా గొంతు నేను మూడే మూడుసార్లు విన్నాను.

పద్దెనిమిది నిండనివాళ్లకి ఆ గదిలోకి ప్రవేశం లేదు. నా పోరాటమంతా దాని మీదే. ఎందుకు లేదండీ అని అడిగితే సమితి అధ్యక్షుడు పైడిరాజు గారు తాపీగా మీసం దువ్వుకుని, "పిల్లలకి గంభీరమైన మాటలేటుంటాయమ్మా? ఉన్నా నాలుగేళ్లు ఆగితే అవే పోతాయి" అంటాడు. అవే పోతాయట. జలుబుకి కూడా కషాయం కాస్తారు ఈ ఊళ్లో. పిల్లల మనసుకి మాత్రం కాలమే కషాయం.

ఉపన్యాసం రాయడం మొదలుపెట్టాను. సాయంత్రం వంటశాలకి వెళ్లి మా ఆయన అప్పలనాయుడికి మొదటి పేజీ చదివి వినిపించాను. ఆయన ఊరి వంట మేస్త్రి. మూడొందల మంది పులుసు తిప్పుతూ, నేను ఉడతలా ఉరుముతుంటే పెదాలు బిగబట్టి విన్నాడు.

"బాగుంది గానీ కళా," అన్నాడు, "పిల్ల మూడు రోజుల్నుంచి పొద్దుటి టిఫిన్ ముట్టట్లేదే. పళ్లెం అలాగే తిరిగొస్తంది."

"పప్పు కోశారు కదా. నిరసన."

"నిరసనా?"

"నా కూతురయ్యా అది," అన్నాను. అంత గర్వంగా ఆ మాట అని చాలా రోజులైంది.

అతుకు 1413. నడిమి సంచి, తాడు రాసుకుపోయి అరిగిన చోటు. మూరెడు పట్టీ.

సాయంత్రాలు ఊరి పిల్లలు అడుగు చావడి కింద, అంటే ఊరి అట్టడుగున కిందికి తెరుచుకునే తలుపున్న చోట, తాళ్లు కట్టుకుని ఊగుతారు. కింద మబ్బు, పైన ఊరు, మధ్యలో వీళ్లు, గబ్బిలాల మందలా. చూస్తే నాకే కళ్లు తిరుగుతాయి. మా ఆమని అందులో మొనగత్తె. పదిహేనేళ్ల పిల్ల, రెండు కాళ్లూ ముడుచుకుని పిట్టలా విసురుకుని ఊరి అవతలి అంచు తాకి వచ్చేది. దాని తాడు నేను పారేసే అతుకు గుడ్డ పీలికలతో అదే పేనుకుంది, ఎరుపూ తెలుపూ, ఎనిమిది నెలలు పట్టింది. ఆ తాడు ఎవరైనా ముట్టుకుంటే గోళ్లతో రక్కేది.

ఆ తాడు ఇవాళ వరాలుకి ఇచ్చేసింది. వరాలు దాని నేస్తం, పక్క వరస పిల్ల. తాడు భుజాన వేసుకుని మా గుమ్మంలోకొచ్చి, "అత్తా, నాకెందుకిచ్చిందో చెప్పట్లేదు. మళ్లీ అడగదు కదా?" అని కీచుమంది.

నేను గుమ్మంలో నిలబడి వరాలుకి పావుగంట పాఠం చెప్పాను. సొంత వస్తువు మీద మమకారం మనిషిని ఎలా కుంచిస్తుందో, ఇచ్చేయగలగడం ఎంత పెద్ద గుణమో. ఆ పిల్ల ఇది ఎప్పటికి అవుతుందా అన్నట్టు కాళ్లు మార్చుకుంటూ నిలబడింది. లోపల ఆమని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "విన్నావా, నిన్నే మెచ్చుకుంటున్నా" అన్నాను. "ఊఁ" అంది.

ఉపన్యాసం రెండో పేజీలో ఆ తాడు సంగతి చేర్చాను. పిల్లల్లో ఉన్న ఔదార్యానికి ఉదాహరణగా.

అతుకు 1415. ఉత్తరపు సంచి, పాత అతుకు మీదే మళ్లీ. నాసిరకం జిగురు కొంటే ఇంతే. కొన్నవాళ్లని అడగండి.

ఆమని పొద్దుటి డ్రిల్లుకి పోవడం మానేసి వారం. బడికి కూడా రెండు రోజులు నాగా. మాస్టారు కబురు పెట్టాడు. డ్రిల్లంటే ఏమిటో తెలుసా? పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి తూచి, ఎవరు ఎంత పెరిగారో చూసి, ఊరికి ఎంత భారమయ్యారో పైకి చదవడం. "ఆమని, నలభై రెండు." దాన్ని బహిష్కరించిందంటే తప్పేముంది? మాస్టారికి అదే రాసి పంపాను, రెండు పేజీలు.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఇరవై మంది ఉన్నాం. ఆమని పళ్లెంలో వేలు పెట్టి గీతలు గీస్తోంది. ఉన్నట్టుండి తలెత్తి, ఉడత గొంతుతో అంది: "అమ్మా, నాకు ఏదీ బాలేదు. నేను లేకపోతే ఊరు నలభై రెండు కిలోలు పైకి లేస్తుంది కదా."

బల్లంతా గొల్లుమంది. ఒకాయనకి పులుసు పొలమారింది. నేను బల్ల చరిచి నవ్వాను. తూకాల మీద, కోతల మీద, ఈ సమితి లెక్కల మీద ఇంత పదునైన వ్యంగ్యం నలభై ఒక్క వినతిపత్రాల్లో నాకు కుదర్లేదు. అదీ నవ్వింది, అందరికంటే ఆలస్యంగా. మా ఆయన ఒక్కడే నవ్వలేదు. గరిటె పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఈయనకి హాస్యం తెలీదు అనుకున్నాను.

ఆ వాక్యాన్ని ఉపన్యాసానికి ముగింపుగా పెట్టుకున్నాను. ఈ బల్ల సంగతి ఆ రోజు కాదు, తర్వాత రాస్తున్నాను; చెయ్యి రావట్లేదు, అయినా రాస్తున్నాను. అతుకుల పుస్తకంలో చీలిక కొలత తగ్గించి రాయకూడదు.

అతుకు 1418. దక్షిణపు సంచి. సగంలో వదిలేశాను. నాతో పనిచేసే బోసు వచ్చి పూర్తి చేశాడు, కొలత అతన్నే అడగండి.

నేను పదో మెట్టు మీద జిగురు పూస్తుంటే మా ఆయన నిచ్చెనెక్కి వచ్చాడు. నిచ్చెనంటే భయం ఆయనకి. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఎక్కలేదు. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేతిలో నూనె మరకల కాగితం.

"ఇది చదువు," అన్నాడు.

చూసేసరికి నా కాగితమే. అంటే, డాక్టర్ కరీమున్నీసా రాసింది, నేను పోట్లాడి వంటశాల గోడకి అంటించింది. "ఎదిగే పిల్లల్లో కుంగుబాటు: గుర్తుపట్టండి." దానికోసం సమితితో ఎనిమిది నెలలు కొట్లాడాను. ఊరికి దిష్టి అన్నారు, తిండి దగ్గర అలాంటి మాటలేమిటన్నారు. అక్షరాలు దిద్దింది నేనే. కామాలు పెట్టింది నేనే.

"నాకు తెలుసు, నేనే దిద్దాను," అన్నాను.

"దిద్దావు. ఇప్పుడు చదువు."

చదివాను. ఎంతో ఇష్టమైన ఆట ఉన్నట్టుండి మానేయడం. తిండి, నిద్ర మారిపోవడం. బడికీ స్నేహితులకీ దూరంగా ఉండటం. అపురూపంగా దాచుకున్న వస్తువులు ఇచ్చేయడం. తాను ఇంట్లోవాళ్లకి భారమనీ, తాను లేకపోతే బాగుంటుందనీ అనడం, నవ్వుతూ అన్నా సరే. ఆ "నవ్వుతూ అన్నా సరే" దగ్గర కామా నాదే.

"గరిటె తిప్పినప్పుడల్లా ఇది నాకెదురుగానే ఉంటది కళా. వారం రోజుల్నుంచి చదువుతన్నాను. ఒక్కో ముక్కా మన పిల్లే."

"వారం రోజుల్నుంచా? చెప్పవేం?"

"చెప్పాను. నువ్వు నిరసనన్నావు."

పదో మెట్టు మీద, ఇద్దరం, కింద మబ్బు. జిగురు డబ్బా మెట్టు మీదే వదిలేసి దిగాను.

డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ నా ఉపోద్ఘాతం మధ్యలోనే ఆపేసింది. "ఎవరి తప్పో తర్వాత తేల్చుకుందువు. ఇప్పుడు పిల్ల దగ్గర ఎవరున్నారు?"

"వాళ్ల నాన్న వెళ్లాడు."

"మంచిది. ఒంటరిగా వదలొద్దు. అడుగు చావడి తలుపు తాళం మీ ఆయన దగ్గర పెట్టమను. వెళ్లి సూటిగా అడుగు, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని జనం భయపడతారు. పుట్టదు. అడిగే మనిషి ఉన్నారని తెలుస్తుంది, అంతే. నేను సాయంత్రం వస్తాను, మందు అవసరమా కాదా చూస్తాను."

"ఈ గొంతుతో ఎలా అడగను డాక్టరమ్మా?"

"ఈ గొంతుతోనే అడుగు. ఆగకు."

అడిగాను. మంచం పక్కన కింద కూర్చుని, చెయ్యి పట్టుకుని, "ఆమనీ, చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అన్నాను. నా నోట్లోంచి అది బొమ్మ పిచ్చుక కూతలా వచ్చింది. ఆమని నావైపు చూసింది. ఫక్కున నవ్వింది. నాకూ ఆగలేదు. ఇద్దరం దుప్పట్లో ముఖాలు దాచుకుని, ఊపిరాడకుండా, పక్కలు నొప్పెట్టేలా నవ్వాం. దాని నవ్వు ఎక్కడ ఆగిందో ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలీలేదు. ఇక్కడ ఏడుపు కూడా కితకితలు పెట్టినట్టే వినిపిస్తుంది. భుజాలు చూసి తెలుసుకున్నాను.

"అప్పుడప్పుడూ అనిపిస్తుంది," అంది చివరికి. "చెప్తే నవ్వుతారు."

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి గంట కూర్చుంది. మేం ముగ్గురం ఒకే గదిలో పడుకున్నాం, మా ఆయన తలుపుకి అడ్డంగా. రేపు పదకొండింటికి నా ఇరవై నిమిషాలు.

అతుకు 1419. లేదు. ఇవాళ ఏ అతుకూ వేయలేదు. అంకె ఊరికే పోనివ్వండి.

పదకొండింటికి ఐదు నిమిషాల ముందు ఆమనిని చెయ్యి పట్టుకుని తూర్పు కొసకి తీసుకెళ్లాను. ఉపన్యాసం ఇంట్లోనే ఉంది. గుమ్మంలో పైడిరాజు గారు, వెనక ఐదుగురు సభ్యులు, ఇస్త్రీ బట్టల్లో.

"పాపెందుకమ్మా?"

"లోపలికి తీసుకెళ్తున్నాను. మీరు బయట ఉండండి."

"వయసెంత?"

"పదిహేను. మీకూ తెలుసు, పుట్టినప్పట్నుంచీ తూస్తూనే ఉన్నారు."

"చంద్రకళమ్మా, పద్దెనిమిది లోపు పిల్లల్ని రానివ్వాలా వద్దా అని వాదించడానికే కదా నీకీ టైమిచ్చాం? వాదించకుండా పిల్లని పట్టుకొచ్చీసేవేటి?"

"వాదన లేదు. ఇరవై నిమిషాలు నావి. నేనిలా వాడుకుంటాను."

"మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగావు. ఇది వదిలేస్తే మళ్లీ నీ వంతు నాలుగేళ్లకి."

"తెలుసు."

"ఇదంతా రికార్డులో రాస్తాను."

"రాయండి. సొంత అభిప్రాయాలు కూడా రాయండి, నేను ఏమీ అనుకోను."

వాకిట్లో ఆరుగురు పెద్దమనుషులూ ఒక తల్లీ బాతుపిల్లల్లా కీచులాడుకుంటుంటే ఆమని ముఖం పక్కకి తిప్పుకుంది. నవ్వుతోందో లేదో నేను చూడలేదు. తలుపు తోసుకుని లోపలికెళ్లి గడియ వేశాను.

గాలి మారింది. చెవులు గుబుక్కుమన్నాయి. నేల ఒరిగింది. ఛాతీ మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్టు మొదటి శ్వాస.

"అమ్మా."

ఎవరు పిలిచారా అని వెనక్కి చూశాను. నిజంగా చూశాను. గదిలో ఇద్దరమే ఉన్నాం. లోతుగా, కాస్త బొంగురుగా, మాట చివర జారిపోయే గొంతు. కింద నేల మీద చనిపోయిన మా అమ్మ గొంతు. పదిహేనేళ్లుగా నా ఇంట్లో ఈ గొంతు ఉంది, నాకు తెలీదు.

ఆమని చేత్తో నోరు మూసుకుంది. "ఇది నేనేనా?" అంది వేళ్ల సందుల్లోంచి.

"నువ్వే."

"ఇంత దిగులుగా ఉందేంటి?"

నేను నేల మీద కూర్చున్నాను. అదీ కూర్చుంది. మళ్లీ అదే ప్రశ్న అడిగాను. ఈసారి నా ప్రశ్న ప్రశ్నలాగే వచ్చింది. అది చెప్పడం మొదలుపెట్టింది. ఆగి ఆగి చెప్పింది. వానలు మొదలైనప్పట్నుంచట. పొద్దున కళ్లు తెరిస్తే ఒంట్లో ఇసుక నింపినట్టుంటుందట. తాడు మీద ఊగుతుంటే ఒకరోజు ఏమీ అనిపించలేదట, భయం కూడా వేయలేదట, అందుకే తాడు ఇచ్చేసిందట. డ్రిల్లులో తన అంకె చదివినప్పుడల్లా ఆ కిలోలన్నీ ఎవరు మోస్తున్నారో అనిపించేదట. మూడుసార్లు నాకు చెప్పబోయిందట. మూడుసార్లూ నేను పెన్ను తీశానట.

నా సంగతి చెప్తాను. ఒక్కో మాటకి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. నువ్వు భారం కాదని పదకొండు కారణాలు, తూకం పద్ధతి మీద ఏడు ఆక్షేపణలు. అవన్నీ పళ్ల వెనక వరస కట్టి నిలబడ్డాయి. ఒక్కదాన్నీ బయటికి రానివ్వలేదు. జీవితంలో నేను చేసిన అతి బరువైన పని అదే, ఈ సంచుల పని దాని ముందు ఏ మూలకీ రాదు.

"నువ్వేం వాదించవేంటి?" అంది ఆమని కాసేపటికి.

"వాదించను."

"ఒంట్లో బాగుందా?"

"బాలేదు. నువ్వు చెప్పు."

తలుపు కొట్టారు. ఇరవై నిమిషాలు అయిపోయాయి. నేను లేవలేదు. మళ్లీ కొట్టారు. ఇరవై ఐదు. అప్పటికి ఊరంతా తూర్పుకి ఒరిగి ఉంది. వంటశాలలో గ్లాసులు పట్టుకున్న చేతులు నొప్పెట్టి జనం గ్లాసుల్ని నేల మీద పెట్టేశారని మా ఆయన తర్వాత చెప్పాడు. పెళ్లయితే ఇంతసేపు పట్టదు, చావయితే కబురొచ్చేది, మరి లోపలెవరని ఒకర్నొకరు అడుగుతున్నారట. ముప్పయ్యో నిమిషానికి పైడిరాజు గారు బయటి గడియ మీట తిప్పి తలుపు తోశాడు. నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే ఆమని, తలుపువైపు వీపు పెట్టి, అంది: "నాకు చచ్చిపోవాలని లేదమ్మా. ఇలా ఉండాలని లేదు. ఏది ఏదో తెలీక భయమేస్తోంది."

ఆ మాట ఆ గొంతుతో ఆయన చెవిన పడింది. పిల్లలకి గంభీరమైన మాటలేటుంటాయన్న మనిషి తెరిచిన నోరు తెరిచినట్టే పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖంలో ఏం జరిగిందో నేను రాయను, సొంత అభిప్రాయం అవుతుంది. ఒక అడుగు వెనక్కి వేసి, చప్పుడు కాకుండా తలుపు మూసేశాడు.

మేం నలభై ఏడు నిమిషాలున్నాం. చివర్లో డాక్టరమ్మ వచ్చి చేరింది. బయటికొచ్చేసరికి పైడిరాజు గారు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని, పక్క సభ్యుడితో, "ఇంకా అవలేదయ్యా, నువ్వెళ్లి టీ తాగు" అని కీచుమంటున్నాడు.

అతుకు 1422. దక్షిణపు సంచి, మొన్నటి పని మీద ఇంకో పొర. బోసు అతుకు మంచిదే, నాకే చెయ్యి ఊరుకోదు.

సమితి అత్యవసర సమావేశం. నేరం: అనుమతి లేని ఇరవై ఏడు నిమిషాల ఒరుగు. పైడిరాజు గారు మారిపోయాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రెండు గంటలు నిబంధనలే చదివాడు. ఆఖర్న కాగితం మడిచి, "గది పిల్లలక్కూడా రోజూ తెరవాలంటే ముప్పై కిలోలు ఊరి మీంచి దించాలి. శాశ్వతంగా. ఎక్కణ్నుంచి తెస్తారు?" అన్నాడు.

నేను ఇంటికెళ్లి నా వినతిపత్రాలు తెచ్చాను. నలభై ఒకటి, ఒక్కోటీ ఆరు నకళ్లతో, అట్టలతో సహా. తూచితే పదకొండు కిలోలు. తూకం యంత్రానికి ఇన్నాళ్లకి ఒక మంచి పని దొరికింది. మిగతా పంతొమ్మిదికి అందరూ అందరి ముఖాలూ చూసుకున్నారు. చూపులన్నీ మెల్లగా వెళ్లి అధ్యక్షుడి టేకు కుర్చీ మీద ఆగాయి.

"అది మా తాతది," అన్నాడు పైడిరాజు గారు.

ఎవరో తూకం యంత్రాన్ని కుర్చీ దగ్గరికి జరిపారు.

"నడుం నొప్పి వేరే ఉంది నాకు."

అయినా లేచాడు.

కింద సముద్రం ఉన్నవేళ చూసి, అడుగు చావడి తెరిచి తోశాం. ముందు కుర్చీ పోయింది, రాజసంగా, కూర్చునే భంగిమలో, మబ్బులోకి. వెనక నా కాగితాల కట్ట, తాడు తెగి, కొంగల గుంపులా విచ్చుకుని. ఊరు చటుక్కున పైకి లేచింది. పిల్లలు కేరింతలు కొట్టారు. నా మూడేళ్ల వాదన నీళ్లలో కలుస్తుంటే నేనూ కేరింతలు కొట్టాను.

మా ఆయన మాత్రం ఆమని పక్కనే, చావడి తాళంచెవి జేబులో వేసుకుని నిలబడ్డాడు. ఆమని కుర్చీ పోయినవైపు చూస్తూ, "నాన్నా, అది ఎన్ని కిలోలు?" అంది.

"ఎన్నయితే ఏటమ్మా. పోయిందది కుర్చీ."

అతుకు 1427. తూర్పు సంచి, నేలగాలి గది మీద. చిన్న చీలిక. రోజూ ఒరుగుతుంటే కుట్లు లాగుతాయి, ఇక ఇలాంటివి తరచూ వస్తాయి. వేస్తాను. సరుకు ఎక్కువ పంపండి.

ఇప్పుడు రోజూ పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఊరు ఒరుగుతుంది. ఎవరు లోపల ఉన్నారని ఎవరూ అడగరు. గ్లాసు పట్టుకుంటారు, అంతే. నలుగురు తల్లులు, ఒక తండ్రి నా నిచ్చెన కిందికొచ్చి "పిల్లాణ్ని ఎలా అడగాలి?" అన్నారు. నాకు చేతకాదు, డాక్టరమ్మని అడగండి అన్నాను. నాకు తెలిసిందల్లా ఒకటే, అడిగాక నోరు మూసుకోవాలి. వయసు తిక్క అనేవాళ్లూ, తిండి ఎక్కువై అనేవాళ్లూ ఇంకా ఉన్నారు. వాళ్లతో తగువుకి నేనెప్పుడూ సిద్ధం. పిల్లతో మాత్రం కాదు.

ఆమని మందు వేసుకుంటోంది. పని చేయడానికి వారాలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. మంగళ, శుక్రవారాలు ఆవిడతో గదిలో కూర్చుంటుంది. కొన్ని రోజులు లేస్తుంది, కొన్ని రోజులు లేవదు. లేవని రోజున నేను దాన్ని బహిష్కరణ అనను. తూకాల డ్రిల్లు ఇంకా రద్దు కాలేదు. దాని మీద నలభై రెండో వినతిపత్రం పలచటి కాగితం మీద రాస్తున్నాను. తాడు వరాలు దగ్గరే ఉంది. ఊగడానికి కాదు, దాచడానికి. "అడిగినప్పుడు ఇస్తానత్తా, అడగకపోతే కూడా ఉంచుతాను" అంది ఆ పిల్ల. పావుగంట పాఠం చెప్పాల్సింది నాకు, అది ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఇవాళ మధ్యాహ్నం భోజనాల బల్ల. అదే ఇరవై మంది. పులుసు పొలమారినాయన కూడా ఉన్నాడు. ఆమని పళ్లెంలోకి చూస్తూ, ఉడత గొంతుతో, అంది: "ఇవాళ బాలేదు."

అదే కీచు, అదే కితకితల గొంతు. బల్ల దగ్గర ఒక్కరూ నవ్వలేదు. ఆ పెద్దాయన చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. మా ఆయన గరిటె దించాడు. నేను దానివైపు తిరిగి ఊరుకున్నాను.

ఆమని తలెత్తి అందర్నీ చూసింది.

"అందరూ అలా చూస్తే ఎలా తినేది?" అంది. "పులుసు పోయండి ఎవరైనా."